లా పెయిరాడ్ అమ్మకం

"ఒంటిచేత్తో!" అన్నాడు సిల్వెన్ కింద వాకిట్లో నిలబడి, గొంతు బాగా పెంచి. "ఈ బురుజు, ఈ రాతి కప్పు, మెలి తిరిగిన ఆ మరమెట్లు, అన్నీ మార్సెలిన్ కజాల్ గారు ఒంటిచేత్తో నిలబెట్టినవే. ఆయన కొనేనాటికి ఇక్కడ ముళ్ళకంపలు, గబ్బిలాలు తప్ప ఇంకేమీ లేవంటే నమ్మండి."

ఆ మాట అతను అనే సమయానికి ఎలియెట్ బురుజు కప్పు అంచున మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. నడుముకి కట్టుకున్న తాడు రెండో కొస పొగగొట్టానికి చుట్టి ఉంది. పలకరాళ్ళ సందుల్లో వేసవంతా దాక్కుని, తొలి చినుక్కి ఉబ్బిన నాచుని తాపీ మొనతో పెకలించి పక్కనున్న బకెట్లో వేస్తోంది. సెప్టెంబరు దాటితే 'లో' అనే నది మీంచి వచ్చే వానలు ఆగవు. నాచు తియ్యకపోతే నీళ్ళు రాయి కిందికి దూరి చలికాలంలో మంచు కట్టి రాయిని పగలగొడతాయి. ఇల్లు అమ్మకానికి పెట్టినా సరే, నాచు నాచే కదా.

"పైన ఎవరో ఉన్నారండీ!" అంది కింద ఒక ఆడ గొంతు, భయంగా.

సిల్వెన్ తలెత్తి చూశాడు. "ఆవిడా? మదాం కజాల్. ఆయన భార్య. శుభ్రం చేస్తూ ఉంటారు."

ఎలియెట్ చెయ్యి ఆగింది. తాపీని బకెట్ అంచుకి తుడిచింది. మళ్ళీ తుడిచింది. ఆ తాపీ కర్రపిడి ఆమె వేళ్ళకి తగ్గట్టు అరిగిపోయి ఉంది. అరవై తొమ్మిదేళ్ళ ఆ వేళ్ళు కూడా సున్నం తిని తిని, చలికి బిగిసి, ఆ పిడికి తగ్గట్టే వంకర తిరిగాయి. ఆమె తాడు విప్పుకుని, బకెట్ మోచేతికి తగిలించుకుని, మెల్లగా గూటి తలుపులోంచి మరమెట్ల మీదికి దిగింది.

శుభ్రం చేస్తూ ఉంటారు!

దిగుతున్నంతసేపూ ఆ మాట ఆమెతోపాటే దిగింది. సిల్వెన్ మీద ఆమెకి కోపం లేదు. ఇళ్ళు అమ్మిపెట్టే కుర్రాడు, ఊరివాళ్ళు చెప్పిందే చెబుతున్నాడు. ఊరివాళ్ళు చెప్పింది మార్సెలిన్ చెప్పినదే. మార్సెలిన్ చెప్పినదానికి తల ఊపినది తను.

అసలు సంగతి వేరు. మార్సెలిన్ నిచ్చెన మూడో మెట్టు ఎక్కితే కళ్ళు తిరిగి పడిపోయేవాడు. బురుజు కప్పు వేసిన మొదటి రోజే తెలిసింది ఆ విషయం. గోడని రెండు చేతులా కరుచుకుని, మొహం సున్నంలా తెల్లబడి, "ఎలియెట్, ఈ మాట ఎవరికీ చెప్పకు" అన్నాడు. కింద ఊళ్ళో, వెయిరాక్ బడిలో అతను పెద్ద పంతులు. పిల్లల ముందు చులకన కావడం అతనికి చావుతో సమానం. ఆమె అతన్ని పట్టుకుని కిందికి దింపి, తను పైకి ఎక్కింది. పనిరోజుల్లో అతను బడిలో ఉంటే, కప్పులు వేసే ఒక ముసలి మేస్త్రీతో కలిసి ఆమె పలకరాళ్ళు పేర్చింది. సెలవుల్లో అతను కింద నిలబడి సున్నం కలిపాడు, రాళ్ళు చెక్కాడు, గిలక తాడు లాగాడు. పాత రాతిపనుల గురించి చదివి ఏది ఎలా ఉండాలో చెప్పాడు. చెమటలో సగం అతనిది, కాదనదు. కానీ ఒంటిచేత్తో!

వాకిట్లోకి వచ్చేసరికి పారిస్ నుంచి వచ్చిన వెర్నోయ్ దంపతులు బాణాలు వదిలే కంతల్లోంచి లోయని ఫోటోలు తీస్తున్నారు. వాళ్ళ పక్కనే చేతులు వెనక్కి కట్టుకుని ఎమెరిక్ లగారిగ్ నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పళ్ళ డాక్టరు. ఇప్పుడు పాత కట్టడాల సంఘానికి అధ్యక్షుడు. లా పెయిరాడ్ ఇంటి గురించి ఎవరు మాట్లాడినా పక్కనుండి తప్పులు దిద్దే హక్కు తనకుందని అతని నమ్మకం.

"మేం ఏమీ మార్చం, మదాం" అంది వెర్నోయ్ భార్య, ఎలియెట్ చెయ్యి పట్టుకుని. మంచి మనిషిలాగే ఉంది. "ఒక్క మేకు కూడా కొట్టం. మీవారు ఎలా వదిలి వెళ్ళారో అలాగే ఉంచుతాం. ఆగస్టులో వచ్చి మూడు వారాలుంటాం, అంతే."

"మరి చలికాలంలో పొయ్యి ఎవరు వెలిగిస్తారు?" అంది ఎలియెట్.

"పొయ్యా? ఎవరూ వెలిగించరు. అలారం పెట్టిస్తాం."

"గుడిలా ఉంటుందన్నమాట!" అన్నాడు ఎమెరిక్, కళ్ళు మెరుస్తుంటే. తర్వాత ఎలియెట్ వైపు వంగి, "ఆదివారం సంగతి గుర్తుంది కదా మదాం? శిలాఫలకం రేపటికల్లా చెక్కడం అయిపోతుంది. మీరు తెర లాగితే చాలు. మాట్లాడక్కర్లేదు, అదంతా నేను చూసుకుంటాను."

"ఏం రాయించారు దాని మీద?"

"'శిథిలమైన ఈ కోట ఇంటికి ప్రాణం పోసినవాడు మార్సెలిన్ కజాల్.' ఇంకేం కావాలి?"

ఎలియెట్ తల ఊపింది. అలవాటు చొప్పున.

వాళ్ళు వెళ్ళాక బకెట్లో నాచుని కూరమడిలో పారబోసి, బోర్లించిన బకెట్ మీదే కూర్చుంది. ఇల్లు ఆమె పేరునే ఉంది. తన తండ్రి ఇచ్చిన వాల్‌నట్ తోట అమ్మి కొన్న ఇల్లు ఇది. ఆ సంగతి సిల్వెన్‌కి తెలుసు, నోటరీకి తెలుసు, కొడుకు రెజిస్‌కి తెలుసు. అయినా "కజాల్ గారి ఇల్లు" అనే అంటారు. అన్నప్పుడు ఎవరి మనసులోనూ ఆమె ఉండదు. ఆ ఇంటి మీద ప్రేముందా అని ఎవరూ అడగలేదు. మార్సెలిన్ కూడా అడగలేదు. అడిగి ఉంటే ఆమె ఏం చెప్పేదో ఆమెకే తెలియదు. ఇప్పుడు మాత్రం తెలుసు. ఒకే అంతస్తు ఉన్న ఇల్లు కావాలి. గోడలు అరచెయ్యంత మందం ఉంటే చాలు. కిటికీ తెరిస్తే సముద్రం కనిపించాలి. గ్రూయిసాన్‌లో అలాంటిదొకటి పోయిన వసంతంలో చూసి, ఎవరికీ చెప్పకుండా వచ్చేసింది. మార్సెలిన్ పోయి రెండు చలికాలాలే అయింది. ఇప్పుడే ఇల్లు వదిలి సముద్రం చూడ్డానికి పోతానంటే రెజిస్ ఏమనుకుంటాడు? వాడి బాల్యమంతా ఈ గోడల మధ్యే గడిచింది. నాన్న జ్ఞాపకమని ప్రతి శనివారం కహోర్ నుంచి వచ్చి ఏదో ఒకటి బాగుచేసి వెళతాడు.

వెర్నోయ్‌లకే ఇవ్వాలి కాబోలు. ఇల్లు అలాగే ఉంటే వాడికి బాధ తక్కువ.

శుక్రవారం మధ్యాహ్నం సిల్వెన్ ఇంకొకర్ని తీసుకొచ్చాడు. తీసుకొచ్చాడనడం కన్నా ఆమే అతన్ని లాక్కొచ్చిందనడం సబబు. నలభై దాటిన గట్టి మనిషి, పొట్టి జుట్టు, చెవి వెనక పెన్సిలు. పేరు మోద్ ఎస్కిరోల్. వాకిట్లో ఆపిన లారీలోంచి చెక్కల వాసన గుప్పుమంటోంది. చర్చిల్లో గాలితో మోగే పెద్ద వాద్యాలు, పైపు ఆర్గన్లు తయారుచేస్తుందట, పాతవి విప్పి బాగుచేస్తుందట. ఆల్బిలో వాళ్ళ కార్ఖానా ఉన్న స్థలంలో రోడ్డు వెడల్పు చేస్తున్నారట.

"నేను ఎక్కువసేపు ఉండను మదాం" అంది. "సూటిగా చెప్పేస్తాను, తర్వాత మీరు తిట్టుకోకూడదు. నాతో ఇద్దరు పనివాళ్ళు, వాళ్ళ కుటుంబాలు వస్తాయి. రంపాలు కోస్తాం. దుమ్ము ఉంటుంది. పెద్ద హాలు నిండా ఓక్ చెక్కలు ఎండబెడతాం. సీసం కరిగిస్తాం. ఒక్కో పైపు శ్రుతి చేసేటప్పుడు రోజంతా ఒకే మోత. మీరు దాన్ని సంగీతం అనుకోరు."

సిల్వెన్ నుదురు కొట్టుకున్నాడు. "మదాం ఎస్కిరోల్, ఇల్లు అమ్ముతున్నది ఈవిడ. మీరు కొనడానికి వచ్చారు. భయపెట్టడానికి కాదు."

"ముందే చెబితే మంచిది కదయ్యా!"

హాల్లోకి అడుగుపెట్టగానే మోద్ నోరు మూసుకుంది. తల వెనక్కి వాల్చి పైకప్పు దూలాల దాకా చూసింది. మార్సెలిన్ ఆ హాలుని ఖాళీగానే ఉంచాడు. పెద్ద పొయ్యి ముందు హాలుకి అడ్డంగా ఎర్ర తాడు కట్టి ఉంటుంది, ఎవరూ దగ్గరికి వెళ్ళకుండా. వచ్చినవాళ్ళు ఆ తాడు ఇవతల నిలబడి గుసగుసలాడి వెళ్ళేవాళ్ళు. మోద్ ఆ తాడు దాటి లోపలికి వెళ్ళి, మధ్యలో నిలబడి, గొంతు సవరించుకుని ఒక్క స్వరం పాడింది. లోగొంతుతో, పెద్ద అందంగా ఏమీ కాదు. అది గోడల్ని తాకి, దూలాల దాకా వెళ్ళి, ఆమె నోరు మూశాక కూడా కాసేపు అక్కడే తిరిగింది.

ఎలియెట్ తల తిప్పి గోడల వంక చూసింది. ఆ గోడల సందుల్లో గార కూరింది ఆమే. ఏ మూల ఎంత తేమ పీలుస్తుందో, ఏ రాయి ఎన్నిసార్లు ఊడిందో తెలుసు. ఈ ఇంటికి గొంతు ఉందని మాత్రం ఇన్నేళ్ళూ తెలియలేదు.

"ఇది కట్టినవాళ్ళు ఎవరో గానీ, గార మెత్తగా కలిపారు" అంది మోద్ గోడని అరచేత్తో తడిమి. "సిమెంటు పెట్టి ఉంటే చెవులు గింగురుమనేవి. ఎవరు చేశారు ఈ పని?"

సిల్వెన్ నోరు తెరిచాడు. "మార్సెలిన్ కజాల్ గారు ఒంటి..."

"మేమిద్దరం" అంది ఎలియెట్.

ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది. సిల్వెన్ ఆమె వంక చూసి, ఆమె చేతుల వంక చూసి, మెడ దాకా ఎర్రబడ్డాడు.

"మేమిద్దరం చేశాం బాబూ. ఇంకెప్పుడూ ఆ ఇంకో మాట అనకు. ఎవరూ ఇల్లు కొనకుండా పోతే పోనీ."

"అలాగే మదాం. క్షమించండి."

వెళ్ళబోయేముందు మోద్ వాకిట్లో ఆగింది. "ధర విషయంలో నాకూ ఆ పారిస్ వాళ్ళకీ తేడా ఏం లేదని ఈయన చెప్పాడు. కాబట్టి మిమ్మల్ని తొందరపెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. ఒక్క మాట. మాలో ఒకాయనకి ముగ్గురు పిల్లలు. అల్లరి బాగా చేస్తారు." లారీ ఎక్కి, కిటికీలోంచి తల బయటపెట్టి, "చాలా బాగా చేస్తారు!" అని అరిచి వెళ్ళిపోయింది.

సాయంత్రానికల్లా ఎమెరిక్‌కి ఈ వార్త అందింది. ఫోన్‌లో ఊపిరాడనట్టు మాట్లాడాడు. "పద్నాలుగో శతాబ్దపు హాల్లో రంపపు పొట్టా? మార్సెలిన్ ఆత్మ క్షోభిస్తుంది మదాం! మీరు అలా చెయ్యరని నాకు తెలుసు."

"మీకు ఎలా తెలుసు?" అంది ఎలియెట్.

"అంటే... మీరు మార్సెలిన్ భార్య కదా."

ఆమె ఫోన్ పెట్టేసింది.

శనివారం మధ్యాహ్నం రెజిస్ వచ్చాడు, ఎప్పటిలాగే పనిముట్ల పెట్టె మోసుకుంటూ. కహోర్‌లో ఇంటింటికీ తిరిగి వేడి నీళ్ళ యంత్రాలు, రేడియేటర్లు బాగుచేయడం వాడి పని. ఆమె వెల్లుల్లి సూప్ పొయ్యి మీద పెట్టింది. వాడు వంటింటి కిటికీ గడియ వదులైందని స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. తల్లీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మాట్లాడుకోవడానికి అదొక వీలు.

"ఆ పారిస్ వాళ్ళకే ఇచ్చెయ్యమ్మా" అన్నాడు గడియ వైపు చూస్తూ. "ఏదీ మార్చరట కదా. నీకు ఎప్పుడు చూడాలనిపిస్తే అప్పుడు వచ్చి చూసుకోవచ్చు. ఊళ్ళోనే చిన్న ఇల్లు చూస్తాను. బురుజు కనిపించేలా."

"బురుజు కనిపించేలా" అంది ఎలియెట్, సూప్ కలుపుతూ.

"లేకపోతే నువ్వు తట్టుకోలేవు, నాకు తెలుసు."

"ఆ."

"ఆర్గన్ల ఆవిడ వస్తే మొత్తం మారిపోతుంది. నాన్న పొయ్యి, నాన్న తాడు, అన్నీ పోతాయి. నీ మనసు..." స్క్రూ ఎంత తిప్పినా తిరగడం లేదు. వాడు బలంగా నొక్కాడు. గడియ టప్పున విరిగి, వాడి బొటనవేలి చర్మం లేచిపోయింది. "దిక్కుమాలిన కొంప!" అని అరిచాడు వాడు. "ముప్పై ఏళ్ళుగా పీక్కుతింటోంది, దీని అమ్మ కడుపు కాల!"

వెంటనే నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. రక్తం మీసానికి అంటింది. "క్షమించమ్మా. నొప్పికి ఏదో అనేశాను."

ఎలియెట్ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఏమన్నావు?"

"ఏం లేదమ్మా."

"ఏమన్నావురా?"

"...దిక్కుమాలిన కొంప అన్నాను."

"మళ్ళీ అను."

"అమ్మా!"

"అనరా రెజిస్. గట్టిగా అను. నేనూ అంటాను నీతోపాటు."

వాడు ఆమె మొహం చూశాడు. ఆమె పెదాలు వణుకుతున్నాయి. ఏడుస్తోందేమో అనుకున్నాడు. కాదు. నవ్వు ఆపుకోవడానికి అవస్థ పడుతోంది. మరుక్షణం గరిటె సూప్‌లో పడిపోయింది. ఆమె నేల మీద కూలబడి కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వుతోంది.

"నువ్వు దీన్ని ప్రేమిస్తున్నావనుకున్నాను రా!" అంది, ఊపిరి తీసుకుంటూ. "ప్రతి శనివారం వచ్చి సేవ చేస్తుంటే!"

"నువ్వు ప్రేమిస్తున్నావని వచ్చాను! చిన్నప్పుడు సెలవులొస్తే స్నేహితులంతా నదికి పోతే నేను ఇసుక జల్లెడ పట్టాను. మంచంలో కూడా గార పొడే! ఇక్కడి చన్నీళ్ళ స్నానాలు పడలేక కాకపోతే వేడి నీళ్ళ పని ఎందుకు నేర్చుకున్నాననుకున్నావు నేను?"

వాడు ఆమె ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు. రక్తం కారుతున్న వేలు చొక్కాకి చుట్టుకుని వాడూ నవ్వాడు. నవ్వి నవ్వి అలిసిపోయాక, తల వంచుకుని, "నాన్నంటే ఇష్టమే అమ్మా" అన్నాడు.

"నాకూ ఇష్టమే రా. అది వేరు, ఇది వేరు."

ఆమె లేచి వాడి వేలికి కట్టు కట్టింది. గ్రూయిసాన్ సంగతి చెప్పింది. వాడు ఆ ఇంట్లో ఏ రకం రేడియేటర్లు ఉన్నాయని అడిగాడు. సూప్ అడుగంటింది. అయినా ఇద్దరూ రెండేసి గిన్నెలు తాగి, ఆ పల్లెల అలవాటు చొప్పున అడుగున మిగిలినదాంట్లో ఎర్ర వైన్ పోసుకుని గిన్నె ఎత్తి తాగారు. ఆ తర్వాత ఎలియెట్ సిల్వెన్‌కి ఫోన్ చేసింది. మాట ఇచ్చేసింది.

ఆదివారం పొద్దున్నే ఊరంతా గేటు ముందు చేరింది. ఎండ చురుక్కుమంటోంది. ఫలకం చెక్కిన రాతిపనివాడు దాన్ని గేటు పక్కన రెండు చెక్కల మీద ఆనించి, పైన తెల్లగుడ్డ కప్పాడు. గోడకి బిగించడం సభ అయ్యాకనే. పక్కన బల్ల మీద వాల్‌నట్ కేకులు, మేక జున్ను, వైన్ సీసాలు. మేయరు నదేజ్ కోంబెల్ ట్రాక్టరు మీదే వచ్చి, దిగి, మేయరు హోదాకి గుర్తైన త్రివర్ణ పట్టీ భుజాన వేసుకుంది. మోద్ కూడా వచ్చింది. వెనక ఎక్కడో గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఆమెని రమ్మన్నది ఎలియెట్టే.

ఎమెరిక్ కాగితం విప్పాడు. బాగానే మాట్లాడతాడు. ముళ్ళకంపల గురించి, గబ్బిలాల గురించి చెప్పాడు. ఎలియెట్ మొదటి వరసలో కుర్చీలో కూర్చుని, గుడ్డకి కట్టిన దారాన్ని చేతిలో పట్టుకుని వింది. తెర లాగి, చప్పట్లు కొట్టించుకుని, ఆ తర్వాత ఇల్లు ఎవరికి ఇచ్చిందో చెప్పాలని ఆమె ఆలోచన. మార్సెలిన్ పరువుకి ఏ మచ్చా రాకుండా ఈ రోజు గడిస్తే చాలు.

"ఊహించండి" అన్నాడు ఎమెరిక్, చెయ్యి బురుజు వైపు చాచి. "జనవరి గాలి. మంచు. అంత ఎత్తున, ఆ కప్పు అంచున, ఒక్కడే మార్సెలిన్..."

"ఎవరూ?" అంది వెనక నుంచి ఒక ముసలి గొంతు.

వాల్‌నట్ తోటల ఫిర్మిన్. ఎనభై దాటాయి. చెవికి చెయ్యి ఆనించుకుని అడిగాడు. "ఎవరక్కడ పైన? మార్సెలినా? ఊరుకోవయ్యా డాక్టరూ! మా అటక నిచ్చెన ఎక్కమంటేనే వణికిపోయేవాడు!"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో అందుకున్నారు. ఎలియెట్ లేచి నిలబడింది. "ఫిర్మిన్! నోరు ముయ్యి! ఆయన ఎక్కేవాడు. అన్నీ ఆయనే..."

"అయ్యో, కూర్చో ఎలియెట్" అన్నాడు ఫిర్మిన్ ప్రేమగా. "మా తోటలోంచి చూస్తే ఈ బురుజు తప్ప ఇంకేం కనిపిస్తుంది? నీలం పంట్లాం వేసుకుని రాళ్ళు పేర్చింది నువ్వు కాదూ? మా ఆవిడ పని ఆపేసి శిలువ గుర్తు వేసుకునేది, నువ్వు పడకూడదని. ఊరంతా చూశాం. నీకు ఇష్టం లేదని ఎవరమూ అనలేదు, అంతే."

ఎలియెట్ మళ్ళీ కుర్చీలో కూర్చుని చుట్టూ చూసింది. నవ్వుతున్న మొహాల్లో వెటకారం లేదు. రొట్టెల కొట్టు ఆవిడ తల ఊపుతోంది. ఉత్తరాలు పంచే ఆయన తల ఊపుతున్నాడు. ముప్పై ఏళ్ళు ప్రాణంలా దాచిన రహస్యం, ఊళ్ళో అన్నిటికన్నా ఎత్తైన చోట నిలబడి దాచింది! ఆ ఆలోచన రాగానే నవ్వొచ్చింది. దాని వెనకే కలవరం. మార్సెలిన్‌కి తెలిస్తే? అతను తల ఎత్తుకోలేకపోయేవాడు.

అప్పుడు మేయరు నదేజ్ ముందుకొచ్చి ఆమె పక్కన మోకాలి మీద కూర్చుంది, చిన్నపిల్లలా.

"మదాం కజాల్, నేను మీవారి దగ్గర చదువుకున్నాను కదా. మా తరగతి కిటికీలోంచి బురుజు కనిపించేది. ఒకరోజు లెక్కలు చెబుతూ చెబుతూ ఆగిపోయారు. కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. మమ్మల్నందర్నీ పిలిచారు. 'చూడండి పిల్లలూ, ఆ పైన ఉన్నది నా భార్య. నాకు భయమైన చోట ఆమె నడుస్తుంది' అన్నారు."

ఎలియెట్ చేతిలోంచి దారం జారిపోయింది.

"మీకు చెప్పొద్దన్నారు" అంది నదేజ్. "'నా పరువు కాపాడుతున్నానని ఆమె మురిసిపోతోంది, అది పాడు చెయ్యకండి' అన్నారు. మేం అందరం ఒట్టు పెట్టాం. ఆ తర్వాత ప్రతి ఏడూ కొత్తగా వచ్చిన పిల్లలకి కూడా చూపించేవారట. మా తమ్ముడికీ చూపించారు."

"నాకూ" అన్నాడు ఉత్తరాలు పంచే ఆయన.

"నాకూ చూపించారు" అంది ఇంకెవరో.

ఎలియెట్ బురుజు వైపు చూసింది. అంచున, తను మొన్న నాచు తీసిన చోట, రాళ్ళు శుభ్రంగా మెరుస్తున్నాయి. ఒక్కసారిగా ఆమె వీపు నిటారు అయింది. ఆ పైన ఒంటరిగా ఉన్నాననుకున్న రోజులన్నిట్లోనూ కింద ఒక కిటికీ నిండా పిల్లలు తననే చూస్తూ ఉన్నారు. వాళ్ళ వెనక సుద్దముక్క పట్టుకుని అతను.

"ముసలి వెధవ!" అంది చివరికి. కళ్ళు తుడుచుకుంది. "నాతో ఒక్క మాట అనలేదు."

ఈసారి ఊరంతా నవ్వింది.

ఎమెరిక్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు. పాపం, అతని మొహం చూస్తే జాలేసింది. ఎలియెట్ లేచి అతని దగ్గరికి వెళ్ళింది. "మంచి మాటలే రాశారు డాక్టరుగారూ. మనిషే తప్పు. ఇద్దరు ఉండాల్సింది." తర్వాత జనం వైపు తిరిగింది. మాట్లాడక్కర్లేదన్నారు. మాట్లాడింది.

"ఇల్లు అమ్మేశాను. అదుగో, ఆ గోడ దగ్గర నిలబడిన ఆవిడకి. ఆర్గన్లు చేస్తుంది. మోత ఉంటుందట. దుమ్ము ఉంటుందట. పిల్లలు వస్తారు, బాగా అల్లరి చేస్తారట. నేను సముద్రం దగ్గరికి పోతున్నాను."

"మార్సెలిన్ ఇల్లు కార్ఖానా అవుతుందా!" అన్నాడు ఎమెరిక్, ఇక ఆగలేక.

"నా ఇల్లు డాక్టరుగారూ" అంది ఎలియెట్ నెమ్మదిగా. "నా ఇష్టం."

మొదట చప్పట్లు కొట్టింది నదేజ్. "ముగ్గురు పిల్లలా?" అంది మోద్ వైపు తిరిగి. "పిల్లలు చాలడం లేదని మా బడి ఈ ఏడు మూసేస్తామని బెదిరిస్తున్నారు పైవాళ్ళు. ముందు మీకు భోజనం పెట్టనివ్వండి!" చప్పట్లు వెనక వరసల దాకా పాకాయి. ఫిర్మిన్ ఏం జరిగిందో సరిగా వినకుండానే అందరికన్నా గట్టిగా కొట్టాడు.

రాతిపనివాడు తల గోక్కుంటూ ఎలియెట్ దగ్గరికొచ్చాడు. "మరి ఈ ఫలకం ఏం చెయ్యమంటారు? మళ్ళీ చెక్కనా?"

"ఏం వద్దు నాయనా. బోర్లా తిప్పి గేటు పక్కన పెట్టు. కూర్చోవడానికి బాగుంటుంది."

ఇద్దరు మనుషులు పట్టి తిప్పారు. మొదట కూర్చున్నవాడు ఫిర్మిన్. జున్ను ముక్క నోట్లో పెట్టుకుని, బాగుందన్నట్టు తల ఊపాడు. కాసేపటికి ఎమెరిక్ కూడా అతని పక్కన వచ్చి కూర్చున్నాడు. మోద్ రెండు గ్లాసులు తెచ్చి ఒకటి అతని చేతిలో పెట్టింది. ఆ పాత హాల్లో ప్రతిధ్వని గురించి ఏదో అడిగింది. అతను మొదట ముక్తసరిగా, తర్వాత చేతులు ఊపుతూ చెప్పడం మొదలుపెట్టాడు.

కేకులు అయిపోయేసరికి ఎలియెట్ కొడుకు చొక్కా పట్టి లాగింది. "పద."

"ఎక్కడికి?"

"సముద్రం చూసొద్దాం."

"ఇప్పుడా? గిన్నెలు కడగొద్దూ?"

"గిన్నెలు వాళ్ళే కడుగుతారు. పద."

దారంతా ఆమె మాట్లాడుతూనే ఉంది. ఒక చోట ఆగి పీచ్ పళ్ళు కొన్నారు. తూలూజ్ దాటాక కాసేపు నిద్రపోయింది. మళ్ళీ లేచి, మార్సెలిన్ గిలక తాడు లాగుతూ తప్పుడు శ్రుతిలో పాడిన పాటలు రెజిస్‌కి పాడి వినిపించింది. గ్రూయిసాన్ చేరేసరికి ఎండ వాలింది. గాలి బలంగా ఉంది. ఇసుక మీద ఎవరూ లేరు, ఇద్దరు జాలర్లు వల మడుచుకుంటున్నారు.

ఎలియెట్ బూట్లు విప్పి, మేజోళ్ళు వాటిలో కుక్కి, గౌను మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని నీళ్ళలోకి నడిచింది. మొదటి అల పాదాలు తడిపింది. రెండోది పిక్కల దాకా వచ్చింది. ఆమె ఆగలేదు. నడుము దాకా వెళ్ళాక గౌను వదిలేసింది. అది చుట్టూ గొడుగులా తేలింది.

"అమ్మా!" అని అరిచాడు రెజిస్ ఒడ్డు నుంచి, ఆమె బూట్లు చేత్తో పట్టుకుని. "చాలమ్మా, వచ్చెయ్! నీళ్ళు గడ్డకట్టేంత చల్లగా ఉన్నాయి!"

ఆమె వెనక్కి తిరిగింది. జుట్టంతా మొహం మీద పడింది.

"ముప్పై ఏళ్ళు ఆ ఇంట్లో స్నానం చేసినదాన్ని రా! నాకు చెబుతావా చలి సంగతి!" అని అరిచి, రెండు చేతులూ చాచి, వస్తున్న అల కిందికి దూరింది.